ఏదోలా అనిపించింది

“మొదట్నించీ చెప్పు. తొందరేం లేదు.”

లిఫ్టు మెకానిక్ తలెత్తి ఎదురుగా కూర్చున్నావిడని చూశాడు. పోలీస్ స్టేషన్‌లో వెనక గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన తిరగని ఫ్యాను.

“చెప్పాను కదా మేడమ్, ఇన్‌స్పెక్టరు గారికి. ఆయన టైపు చేయించారు. నేను సంతకం పెట్టేశాను.”

“ఆ కాగితం చదివాను. నీ నోటితో వినాలి.”

ఆమె పోలీసు కాదు, ప్రైవేటు డిటెక్టివు. అంతకుముందు చాలా ఏళ్ళు కోర్టులో స్టెనోగ్రాఫరు. అందుకే పోలీసులూ, లాయర్లూ ఇప్పటికీ ఆమెని ‘స్టెనో’ అనే పిలుస్తారు, కొందరు గౌరవంగా, కొందరు వెటకారంగా. సాక్షులు బోనులో నిలబడి ‘అదే’, ‘అంటే’, ‘మరి’, ‘ఏదో’ అని నసుగుతుంటే, “అవన్నీ తీసేసి అసలు విషయం రాయమ్మా” అనేవారు జడ్జీలు. ఆమె తీసేసే రాసేది. కానీ మనిషి ఎక్కడ నసిగాడో అక్కడే ఏదో దాచాడని ఆ కుర్చీలో కూర్చునే నేర్చుకుంది.

కేసు చూస్తే చిన్నదే. మొన్న పొద్దున ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో, ఇళ్ళ నుంచి బట్టలు పట్టుకెళ్ళే లాండ్రీ ఆవిడ నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టింది. లిఫ్టు అక్కడ లేదు. గోతిలో పడి అక్కడికక్కడే చనిపోయింది. ముందు రోజే ఆ లిఫ్టుని రిపేరు చేసి వెళ్ళినవాడు ఇతను. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణమని కేసు రాశారు. మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్తారు. “మా ఆయన నట్టు బిగించి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి బిగించే రకం అమ్మా. తలుపు వదిలేసి వస్తాడా?” అని అతని భార్య వచ్చి ఏడిస్తే స్టెనో ఇక్కడికి వచ్చింది.

“ముందు మెయిన్ ఆఫ్ చేశాను,” అన్నాడు మెకానిక్. “మేడ మీద మెషిన్ రూములో బ్రేకు చూశాను. లైనింగు అరిగిపోయింది, మార్చాను. రోపులు చూశాను, బాగానే ఉన్నాయి. తర్వాత ఒక్కో అంతస్తులో తలుపు లాకులు పరీక్షిస్తూ కిందికి దిగాను. మూడో అంతస్తులో లాకు స్ప్రింగు మెత్తబడితే కొత్తది వేశాను. నాలుగోది గట్టిగా ఉంది. రెండుసార్లు లాగి చూశాను. మెయిన్ వేసి, ఎక్కి దిగి చూసుకున్నాను.”

“తర్వాత?”

“తర్వాత... అదే మేడమ్... అది సంచీలో పడేసుకుని, అలా ఇంటికి వెళ్ళిపోయాను.”

“ఏది పడేసుకుని?”

“అదే... అది.”

స్టెనో ముందుకి వంగింది. “బ్రేకు లైనింగుకి పేరుంది. లాకు స్ప్రింగుకి పేరుంది. దీనికి మాత్రం పేరు లేదా?”

మెకానిక్ బల్ల అంచుని గోటితో గీరాడు. “తాళంచెవి మేడమ్.”

“ఏం తాళం?”

“లిఫ్టు తలుపుది. మూడు మూలల తాళం. లిఫ్టు ఆ అంతస్తులో ఉంటేనే బయటి తలుపు వస్తుంది. లేకపోతే రాదు, ఎంత లాగినా రాదు. ఆ తాళంతో మాత్రం లిఫ్టు లేకపోయినా తీయొచ్చు, మళ్ళీ దాంతోనే తిప్పేదాకా లాకు పడదు. మాలాంటి వాళ్ళ దగ్గరే ఉంటుంది.”

“ఇప్పుడెక్కడుంది?”

“నా సంచీలో ఉంటే ఇన్‌స్పెక్టరు గారు తీసుకున్నారు.”

“మొన్న పొద్దున కూడా నీ సంచీలోనే ఉందా?”

“ఉండడమంటే... ఉన్నట్టే మేడమ్.”

“ఉన్నట్టే అంటే లేదనేగా?”

గుమ్మం దగ్గర కానిస్టేబులు గడియారం చూసుకున్నాడు.

“ఎవరికిచ్చావు?”

“ఎవరో అడిగారు. ఏదో చిన్న పని, గోతిలో ఏదో పడిందట, తీసుకోవాలట. రమ్మంటే నేనే వచ్చి తీసి పెట్టేవాణ్ణి. నీకెందుకయ్యా శ్రమ, మళ్ళీ ఇచ్చేస్తాగా అన్నారు. ఇచ్చేశారు కూడా. మంచాయన మేడమ్. అలాంటి ఇలాంటి మనిషి కాదు.”

“ఎప్పుడిచ్చాడు తిరిగి? ఆవిడ చనిపోక ముందా, తర్వాతా?”

“తర్వాత... అదే, మధ్యాహ్నం. ఇంటికొచ్చి మరీ ఇచ్చారు. బయటివాళ్ళకి తాళం ఇవ్వడం పెద్ద నేరమట. నేను తీసుకున్న సంగతి బయటపడితే నీకే ఇంకా ఎక్కువ శిక్ష పడుతుంది, నోరెత్తకు అన్నారు. నా మంచికే చెప్పారు.”

“పేరు చెప్పు.”

“అడక్కండి మేడమ్. మా అమ్మాయి చదువు...” అని సగంలో నాలుక కరుచుకున్నాడు. రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. “నాదే తప్పు. ఎలా చూసినా నాదే. దేవుడు చల్లగా చూశాడు గానీ, ఆవిడకేమైనా అయ్యుంటే నేను బతికుండేవాణ్ణి కాదు.”

“టైమైపోయింది,” అన్నాడు కానిస్టేబులు.

* * *

అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఆపేశారు. ‘వాడరాదు’ అని అట్టముక్క వేలాడదీశారు. స్టెనో మెట్లెక్కి నాలుగో అంతస్తుకి చేరింది.

ఇటొక ఇల్లు, అటొక ఇల్లు, మధ్యలో లిఫ్టు. బయటి తలుపు చెక్కది, కళ్ళ ఎత్తులో నిలువుగా సన్నటి అద్దం ఉంది. పక్కనే కిటికీ, పగలు లైటు కూడా అక్కర్లేనంత వెలుతురు. ఎవరైనా తలుపు తీస్తే లోపల లిఫ్టు ఉందో లేదో కనబడి తీరుతుంది. లాండ్రీ ఆవిడకి చూపు బాగానే ఉంది. కాలర్ మీద మరక కూడా వెతికి పట్టుకునే ఉద్యోగం ఆవిడది.

మరెందుకు చూసుకోలేదు?

స్టెనో నేల మీద కూర్చుంది. ఒక ఇంటి గుమ్మం నుంచి లిఫ్టు దాకా రాళ్ళ మీద దుమ్ము చెదిరిన వెడల్పాటి చార ఉంది. బట్టల సంచీ ఈడ్చిన గుర్తు. పోలీసుల ఫోటోలో ఆ సంచీ లిఫ్టు గడప మీద సగం లోపలికి, సగం బయటికి ఇరుక్కుని ఉంది. నింపిన సంచీ చేత్తో మోయలేక, రెండు చేతుల్తో పట్టుకుని లాగుతూ వెనక్కి నడిచింది. మోచేతిని పిడిలో దూర్చి తలుపు లాగి, వీపుతో దాన్ని ఆపుకుంటూ, వెనక్కి వెనక్కి. వెనక ఏముందో చూడలేదు. తలుపు వచ్చిందంటే లిఫ్టు ఉన్నట్టే. ఏ అంతస్తులో ఎవరైనా అంతే అనుకుంటారు.

లేచి ఐదో అంతస్తుకి వెళ్ళింది. అక్కడ ఇళ్ళు రెండూ ఖాళీ, తలుపులకి తాళాలు. లిఫ్టు అక్కడే ఆగి ఉంది. దాని తలుపు మూసుకోకుండా సందులో ఇటుక. తలుపు పూర్తిగా మూసుకోకపోతే లిఫ్టు కదలదు. కింద ఎవరు ఎంతసేపు బటన్ నొక్కినా పై అంతస్తులోనే ఉండిపోతుంది.

మళ్ళీ కిందికి వచ్చి నాలుగో అంతస్తు బటన్ మీద వేలు పెట్టింది. వేలికి ఏదో తగిలింది. బటన్ నడిమధ్య ఎండిపోయిన జిగురు బొట్టు, గట్టిగా, కందిగింజంత.

“దర్యాప్తు అయిపోయిన చోట ఇంకా ఏం వెతుకుతున్నారు మేడమ్?”

ఇన్‌స్పెక్టరు మెట్ల మలుపులో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో ఫైలు. ఆయనకి తన స్టేట్‌మెంట్లంటే మహా గర్వం. ఒక్క అనవసరమైన మాట ఉండదని జడ్జీలే మెచ్చుకుంటారు. స్టెనో ఆ పొగడ్తని ఆయన నోటనే చాలాసార్లు విన్నది.

“ఈ జిగురు ఎవరు అంటించారు?”

“ఆ రెండో ఇంటాయన. స్కూల్లో లెక్కల మాస్టారు. భార్యకి చూపు లేదు, హాస్పిటల్లో ఫోన్ ఆపరేటరు. ఆవిడకి చేతికి తగలాలని లిఫ్టు బటన్లన్నిటికీ ఆయనే అంటించాడు. అలాంటి మొగుడు దొరకడం అదృష్టం. ఈ చుట్టుపక్కల పిల్లలకి ఉచితంగా లెక్కలు కూడా చెప్తాడు.”

“మెకానిక్ కూతురికి కూడానా?”

“చెప్తాడేమో. అయితే?”

“పైన తలుపు సందులో ఇటుక ఎవరు పెట్టారు?”

“ఎవరో సామాను దింపుకుంటూ పెట్టి మర్చిపోయుంటారు.”

“ఎవరో అంటే?”

“ఎవరో అంటే ఎవరో! అదేం ప్రశ్న?”

“పై అంతస్తులో కాపురమే లేదు. సామాను ఎవరిది?”

ఇన్‌స్పెక్టరు ఫైలు ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు. “చూడండి మేడమ్. తాళం మెకానిక్ సంచీలో దొరికింది. తప్పు తనదేనని వాడే ఒప్పుకున్నాడు. ఇదిగో, చదవండి. ‘లాండ్రీ మహిళ మరణానికి నేను మిక్కిలి చింతిస్తున్నాను.’ వాడి మాటే.”

“వాడి మాట అది కాదు. ‘ఆవిడకేమైనా అయ్యుంటే నేను బతికుండేవాణ్ణి కాదు’ అన్నాడు. మీ దగ్గరా అదే అన్నాడా?”

“అన్నాడు. అదే కదా ఇది!”

“లాండ్రీ ఆవిడ చనిపోయి రెండు రోజులైంది. చనిపోయిన మనిషి గురించి ఎవరైనా ‘ఏమైనా అయ్యుంటే’ అంటారా? దేవుడు చల్లగా చూశాడంటారా?”

ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచి ఆ వాక్యం మళ్ళీ వెతుక్కున్నాడు.

“వాడు ‘ఆవిడ’ అంటే మీరు ‘లాండ్రీ మహిళ’ అని రాశారు. వాడు అన్నది ఇంకో ఆవిడ గురించి. బతికి ఉన్నావిడ గురించి. ఈ తలుపు ఎవరైతే చూసుకోకుండా లోపలికి అడుగేస్తారో వాళ్ళకోసం తెరిచి పెట్టారు ఇన్‌స్పెక్టరు గారూ. లాండ్రీ ఆవిడ ఆ పొద్దున వెనక్కి తిరిగి నడవడం వల్ల చూసుకోలేదు. రోజూ చూసుకోని మనిషి ఈ అంతస్తులో ఒక్కరే.”

“ఊహలు.” ఆయన గొంతు పెరిగింది. “ఆ ఆపరేటరు స్టేట్‌మెంటు కూడా ఉంది. ‘సంఘటన జరిగిన రోజు నేను ఇంటి నుండి బయటకు వెళ్ళలేదు.’ అంతే. ముక్కుసూటిగా.”

“రికార్డింగు ఉందా?”

“ఫోన్‌లో ఉంది. నోట్సు కోసం. అందులో వినడానికేం లేదు, అంతా ఊకదంపుడు.”

“ఆ ఊకే వినిపించండి.”

కోర్టు టైము దగ్గర పడుతోందని ఆయన విసుక్కున్నాడు. అయినా జేబులోంచి ఫోన్ తీశాడు, తన కాగితం ఎంత కచ్చితంగా ఉందో రుజువు చెయ్యడానికే కావచ్చు. స్టెనో ఫోన్‌ని చెవికి ఆనించుకుంది.

ఆడగొంతు, మెల్లగా: “వెళ్దామనే... అంటే, తయారయ్యాను. బయటికి... మరి, ఏదోలా అనిపించింది. ఊరికే... అదే, వెనక్కి వచ్చేశాను.”

కొంచెం దూరం నుంచి మగగొంతు: “అంటే వెళ్ళలేదు, అంతే కదా.”

మళ్ళీ ఆడగొంతు: “ఆ. అదే. వెళ్ళలేదు.”

స్టెనో ఫోన్ తిరిగి ఇచ్చింది. “బయటికి వచ్చి వెనక్కి వెళ్ళింది. మీరు అసలు బయటికే రాలేదని రాశారు.”

“సారాంశం రాశాను!”

“ఆ మాట ఆవిడ అనలేదు. మొగుడు అందించాడు. మీరు ఎక్కించారు.”

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. “పాతికేళ్ళ సర్వీసు నాది. ‘ఏదోలా’, ‘ఊరికే’ అని పట్టుకుని కోర్టుకెళ్తే నవ్విపోతారు. అనిపించడం సాక్ష్యం కాదు మేడమ్.” ఫైలు మూసి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. మలుపులో ఒక్క క్షణం ఆగాడు, ఏదో అడగబోయినట్టు. అడగలేదు. బూట్ల చప్పుడు కిందికి వెళ్ళిపోయింది.

* * *

తలుపు తీసింది మాస్టారే. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, మొహమాటం నిండిన నవ్వు.

“రండి రండి. పాపం ఆ మెకానిక్ తరఫున వచ్చారటగా. ఏముంది, విధి. రండి, కూర్చోండి.” భార్య వైపు తిరిగి, “నేనలా వీధి చివరిదాకా వెళ్ళి బ్రెడ్డు తెస్తాను. మాట్లాడుతూ ఉండండి,” అన్నాడు.

స్టెనో కిటికీలోంచి కిందికి చూసింది. సంచీ ఊపుకుంటూ ఆయన గేటు దాటాడు. ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఫోన్ హ్యాండ్‌బ్యాగులో వేసి, ముందుగదిలో కుర్చీ మీద పెట్టి లోపలికి నడిచింది.

లోపలి గదిలో మంచం అంచున ఆపరేటరు కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ఒళ్ళో మడిచిన తెల్ల కర్ర.

“బయట ఇన్‌స్పెక్టరుతో నేను మాట్లాడిందంతా విన్నారా?” అడిగింది స్టెనో ఎదురుగా కూర్చుంటూ.

“నాకు వినబడనిదేముంటుందమ్మా?”

“అయితే ఒకటే అడుగుతాను. ‘ఏదోలా అనిపించింది’ అన్నారు. ఎలా?”

ఆపరేటరు చాలాసేపు తల కొంచెం పక్కకి వంచి దేనికోసమో ఆలకిస్తున్నట్టు ఉండిపోయింది. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. స్టెనో తొందరపెట్టలేదు.

“హాస్పిటల్‌కి ఫోన్ చేసేవాళ్ళు నాతో తిన్నగా మాట్లాడరు,” అంది చివరికి. “‘మా నాన్నకి అదోలా ఉందండీ’ అంటారు. అదోలా అంటే ఏంటో చెప్పమంటే భయం. చెప్తే నిజమైపోతుందని. వాళ్ళతో చెప్పించడం నా పని. ‘ఊపిరి ఆడుతోందా, పలుకుతున్నాడా’ అని అడిగి అడిగి చెప్పిస్తాను. నా దాకా వచ్చేసరికి మాత్రం నేనూ ఏదోలా అన్నాను.”

“ఇప్పుడు చెప్పండి. నేను అడుగుతున్నాను.”

ఆపరేటరు నిటారుగా కూర్చుంది. గొంతు మారింది.

“మా అంతస్తులో నేను కర్ర తియ్యను. లిఫ్టు దిగాక కిందే తీస్తాను. ఈ గుమ్మం నుంచి లిఫ్టు దాకా నా సొంత ఇల్లు కింద లెక్క. ఆ సంగతి ఆయనకి తెలుసు. మొన్న పొద్దున బటన్ నొక్కాను. చప్పుడు లేదు. లిఫ్టు ఇక్కడే ఉంది కాబోలనుకుని తలుపు లాగాను. వచ్చింది. కాలెత్తాను.”

ఆగింది.

“కింద నుంచి గాలి వచ్చింది మొహానికి. చల్లగా, బురద వాసనతో. లిఫ్టు ఉంటే గాలి రాదు. ఎక్కి దిగినవాళ్ళ సెంటు వాసనో, కూరల వాసనో వస్తుంది. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. కర్ర విప్పి చాపాను. కర్ర దేనికీ తగల్లేదు.”

“అప్పుడు మీ ఆయన ఎక్కడున్నారు?”

“గుమ్మంలో. రోజూ ‘జాగ్రత్త’ అని చెప్పి, నేను లిఫ్టు దగ్గరికి చేరకముందే తలుపేసుకుంటారు. ఆరోజు జాగ్రత్త అనలేదు. తలుపు వెయ్యలేదు. నిలబడి ఊపిరి బిగబట్టారు. ఊపిరి బిగబట్టిన మనిషి కూడా వినబడతాడమ్మా. నేను లిఫ్టు తలుపు మూసేసి వెనక్కి వస్తే, ‘ఏంటి, వచ్చేశావు?’ అన్నారు. ఆ గొంతు వినగానే నాకు అర్థమైపోయింది. ‘ఏదోలా ఉంది, ఇవాళ వెళ్ళను’ అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేకపోయాను.”

“ఎందుకు?”

“గొయ్యి ఉందని అరిస్తే అందరూ వస్తారు. ఎవరు తీశారంటారు. నేను చెప్పాలి. చెప్తే ఇన్నేళ్ళ కాపురం ఏమైనట్టు? వచ్చి ఈ మంచం మీదే కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. కాసేపు ఆగి, ఆయన్ని ఏదో ఒక పని మీద పంపించి ఎవరికైనా చెబుదామనుకున్నాను. ఇంతలో ఎదురింటి తలుపు తీసిన చప్పుడైంది. లాండ్రీ ఆవిడ ‘వస్తానండీ’ అంది వాళ్ళతో. సంచీ ఈడుస్తోంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఆయనకీ తెలుసు.”

ఆమె వేళ్ళు కర్ర మీద బిగుసుకున్నాయి.

“ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కారు. నోటిదాకా వచ్చింది నాకు. ఆగమని ఒక్క కేక. ఆ సంచీ ఈడుస్తున్న చప్పుడు ఇద్దరం విన్నాం. ఇద్దరం ఏమీ అనలేదు. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు. ఆవిడ చావులో సగం నాది.”

ఓదార్చడానికి ఎన్నో మాటలున్నాయి. అవన్నీ అబద్ధాలే.

“ఆయనకి మీ మీద ఎందుకింత...”

“పగేం లేదు. విసుగు. ఇంకో ఊళ్ళో ఇంకో మనిషి ఉంది. ఫోన్‌లో ఆవిడతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు పెళ్ళైన కొత్తలో నాతో మాట్లాడినట్టు ఉంటుంది. ఏమైందని ఎన్నిసార్లు అడిగినా ‘ఏం లేదు’ అనేవారు. రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆ మాట తప్ప వేరే మాట లేదు. నన్ను వదిలేసి పోవచ్చు. నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ కళ్ళులేని పెళ్ళాన్ని వదిలేశాడన్న మాట పడలేరు ఆయన. అదే నేను పోతే జనం జాలిపడతారు. ఎంత బాగా చూసుకున్నాడో పాపం అంటారు.”

“ఇదంతా కోర్టులో చెప్తారా? ఆ మెకానిక్‌ని మధ్యాహ్నం తీసుకెళ్ళిపోతారు.”

“చెప్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను. కానీ ముందు వినాల్సిన మనిషి వినాలి కదా.” ఆమె మొహం స్టెనో భుజం మీదుగా గుమ్మం వైపు తిరిగింది. “విన్నారుగా?”

స్టెనో గిర్రున వెనక్కి తిరిగింది.

మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి. సంచీ ఖాళీగా వేలాడుతోంది. మొహం మీద నవ్వు అలాగే ఉంది, తుడవడం మర్చిపోయినట్టు. ఆయన స్టెనో వైపు చూడలేదు.

“నేను వచ్చానని నీకు తెలియలేదా?” అన్నాడు భార్యతో.

“తెలుసు. నువ్వు లోపలికి వచ్చాకే మొదలుపెట్టాను.”

‘నువ్వు’ అన్న మాట దగ్గర మాస్టారి మొహం మీద నవ్వు చెదిరిపోయింది. బయటపడిన నేరం కన్నా ఆ ఒక్క మాటే ఆయనకి ఎక్కువ తగిలినట్టుంది. పెళ్ళైన దగ్గర్నుంచి భార్య ఆయన్ని అలా పిలిచి ఉండదు.

“పదండి మాస్టారూ,” అంది స్టెనో లేచి నిలబడి. “మనిద్దరం స్టేషన్‌కి వెళ్దాం. మీరే చెప్పుకుంటే మంచిది.”

ఆయన తల ఊపాడు. చెప్పులు నేల మీద జాగ్రత్తగా, జంటగా పెట్టాడు. వెనక్కి తిరిగి ముందుగదిలోకి నడిచాడు. వస్తున్నాడనే అనుకుంది స్టెనో. వీధి తలుపు పైగడియ పడింది. తర్వాత కిందిది. తాళం తిరిగిన చప్పుడు. ఆమె ఒక్క అంగలో గుమ్మం దాటేసరికి ఆయన ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతున్నాడు. వంటింటి తలుపు ఆమె మొహం మీదే మూసుకుంది.

“మాస్టారూ! తలుపు తియ్యండి!”

లోపల ఏదో లోహం నేల మీద జరిగింది. ఆ తర్వాత సన్నటి చప్పుడు, పాము బుసలా. స్టెనో అది కుళాయి అనుకుంది.

వెనక నుంచి ఆపరేటరు మంచం దిగి వస్తోంది. కర్ర మడత విప్పలేదు. ఈ ఇంట్లో ఆమెకి అక్కర్లేదు.

“గ్యాస్!” అని అరిచింది, కింది అంతస్తుల దాకా వినబడేటట్టు. “సిలిండరు పైపు పీకేశాడు! అగ్గిపెట్టె కిటికీ పక్కన అలమారలో ఉంది, వాడు అటే నడుస్తున్నాడు! మేడమ్, తలుపు పగలగొట్టండి!”